మూల ద్రావిడ క్రియ పునర్నిర్మాణం: ‘ఇచ్చు’ ధాతువు

రాత పుట్టకముందు జనం మాట్లాడిన భాషలో ఒక క్రియను ఎలా పలికేవారో, కాలాన్ని బట్టి దాని రూపం ఎలా మారేదో, ఆ భాష నుంచి పుట్టిన భాషలను పోల్చి తేల్చడమే క్రియా పునర్నిర్మాణం. లాటిన్‌కు ముందున్న మూల ఇటాలిక్ భాష విషయంలో యూరప్ పండితులు చేసిన పనే తెలుగుకు ముందున్న మూల ద్రావిడం విషయంలోనూ జరిగింది. మూల ద్రావిడంలో ఒక్క శాసనం లేదు, ఒక్క తాళపత్రం లేదు. ఆ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని 2018లో వెలువడిన ఒక గణాంక పరిశోధన అంచనా వేసింది. అయినా ఆ భాషలో ‘ఇచ్చు’ అనే క్రియ చకారంతో మొదలయ్యేదని, దాని ధాతువు *చీ- లేదా *చియ్- అని పండితులు దాదాపు ఏకగ్రీవంగా అంగీకరించారు. మాట ముందు నక్షత్రం గుర్తు పెడితే అది ఎక్కడా నమోదు కాని, ఊహించి కట్టిన రూపమని అర్థం. ఈ గుర్తును పందొమ్మిదో శతాబ్దిలో జర్మన్ పండితుడు ఆగస్ట్ ష్లైఖర్ వాడుకలోకి తెచ్చాడు.

ఈ నిర్ణయానికి బలమైన సాక్ష్యం కావ్యాల్లోనో శాసనాల్లోనో దొరకలేదు, కొండల్లో దొరికింది. విశాఖపట్నం జిల్లాలో తగరపువలస మీదుగా పారే గోస్తని నది అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర పుట్టి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. నది దిగువన తగరపువలస, చిట్టివలస, సంగివలసల్లో వినిపించేది ఉత్తరాంధ్ర తెలుగు. ఎగువన, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన అరకు, అనంతగిరి ప్రాంతాల్లో తెలుగుతో పాటు కొండ దొరల కొండ భాష, కోదుల కువి భాష కూడా ఉన్నాయి. కొండ భాషకు కూబి అనే పేరు కూడా ఉంది. దిగువన ‘ఇచ్చీసేడు’ అనే చోట ఎగువన కొండ భాషలో ‘సితన్’ అంటారు, కువిలో ధాతువు ‘హీ-’. ఈ మూడూ ఒకే క్రియ. చూడగానే తెలియదు గానీ, వరసలో పెట్టి చూస్తే తెలుస్తుంది.

పోలిక మొదలైన తీరు

దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని మొదట రుజువులతో చెప్పినవాడు మద్రాసు కలెక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ అచ్చు వేసిన తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ రాసిన ముందుమాటలో ఈ వాదం ఉంది. అందులో ఆయన ముఖ్యంగా పోల్చినవి క్రియాధాతువులే. నామవాచకాలు ఒక భాషలోంచి మరో భాషలోకి సులువుగా వలస వస్తాయి, క్రియలు అంత తేలిగ్గా కదలవు. కాబట్టి చుట్టరికానికి ధాతువులే మంచి గుర్తు. ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టిక ఈ పనికి ఆధారమైంది. తర్వాత 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వచ్చింది. కాల్డ్వెల్ ప్రతిభను కాదనలేం, కానీ ఆయన తమిళాన్నే కొలబద్దగా పట్టుకున్నాడు. తమిళంలో లేని ధ్వని మూలభాషలోనూ లేదనుకునే అలవాటు చాలాకాలం అలాగే సాగింది.

ఆ అలవాటు పోవడానికి కొండభాషల నమోదు జరగవలసి వచ్చింది. 1928లో విన్‌ఫీల్డ్ కుయి వ్యాకరణం వెలువడింది. టి. బరో, సుధీభూషణ్ భట్టాచార్య కలిసి పర్జి, పెంగో భాషలను వర్ణించారు, 1964లో మండ అనే కొత్త భాషనే కనుగొన్నారు. ఎం.బి. ఎమెనో నీలగిరి భాషలను, కొలామీని గ్రంథస్థం చేశాడు. బరో, ఎమెనో కలిసి కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో మొదటిసారి, 1984లో సవరించిన రెండో కూర్పుగా వచ్చింది. ఇందులో సజాతీయ పదాల వరసలే ఉంటాయి, మూలరూపాలు ఇవ్వలేదు. సాక్ష్యం పోగుచేయడం ఒక పని, తీర్పు చెప్పడం వేరే పని అని వారి ఉద్దేశం.

తెలుగు క్రియల విషయంలో తీర్పు చెప్పే పని భద్రిరాజు కృష్ణమూర్తి చేశారు. 1928లో ఒంగోలులో పుట్టిన ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి 1957లో పట్టా పొందిన పరిశోధనే పెరిగి 1961లో తెలుగు క్రియాధాతువుల మీద గ్రంథంగా వచ్చింది. తెలుగుకు గోండి, కొండ, కుయి, కువి భాషలు దగ్గరి తోబుట్టువులని ఈ గ్రంథం స్థిరపరిచింది, పెంగో, మండ భాషలు తర్వాత ఆ వరసలో చేరాయి. అరకు లోయ వైపు కొండ దొరల నోట విని సేకరించిన పాఠాలతో ఆయన 1969లో కొండ భాషకు వ్యాకరణం, పదకోశం ప్రచురించారు. 2003లో కేంబ్రిడ్జి ముద్రణాలయం వేసిన ద్రావిడ భాషల గ్రంథం ఈ శాస్త్రానికి ఇప్పటికీ ప్రామాణికం.

‘ఇచ్చు’లో పోయిన చకారం

తెలుగులో ‘ఇచ్చు’ రూపాలు తిన్నగా లేవు. ఇచ్చె, ఇచ్చి అనే చోట చకారం జంటగా ఉంటుంది. ఈయఁడు, ఈక, ఈవి అనే చోట అసలు చకారమే కనిపించదు. ఇమ్ము అనే విధ్యర్థకంలో మకారం వస్తుంది. వాడుకలో ఒకచోట ఇవ్వు, మరోచోట ఇయ్యి. సంప్రదాయ వ్యాకరణాలు ఈ మార్పులను సూత్రాలుగా చెప్పి ఊరుకున్నాయి. ఎందుకు అలా మారుతుందో చెప్పాలంటే తెలుగు దాటి చూడాలి.

తమిళంలో ఈ క్రియ ‘ఈ’, పాత కన్నడంలోనూ ‘ఈ’. ఇంతవరకే చూస్తే మూలరూపం *ఈ- అని ముగించవచ్చు. కానీ కొలామీలో సీ-, కొండలో సీ-, కుయిలో సీ-, గోండిలో కొన్నిచోట్ల సీ-, కొన్నిచోట్ల హీ-. పెంగో, మండ, కువి భాషల్లో హీ-. బస్తర్ వైపు పర్జిలో చీ-. ఎక్కడో జార్ఖండ్‌లో ఉన్న కురుఖ్‌లో, రాజమహల్ కొండల్లోని మాల్తోలో కూడా మాట చకారంతోనే మొదలవుతుంది. ఈ భాషలు ఒకదానికొకటి వందల మైళ్ల దూరంలో ఉన్నాయి. పర్జి వాళ్లు, మాల్తో వాళ్లు కలిసి మాట్లాడుకుని ఒకే చోట ఒకే హల్లు చేర్చుకున్నారని చెప్పడం కుదరదు. ఆ హల్లు ముందునుంచీ ఉంది, తమిళ కన్నడ తెలుగులు పోగొట్టుకున్నాయి.

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న రావాలి. కొండభాషలే అచ్చులతో మొదలయ్యే మాటలకు ముందు సకారం చేర్చుకునే అలవాటు పడ్డాయేమో? దీనికి జవాబు అంకెల్లో ఉంది. తెలుగులో ఆరు, ఏడు రెండూ అచ్చులతోనే మొదలవుతాయి. గోండిలో ఆరు ‘సారుంగ్’, ఏడు ‘ఏడుంగ్’. సకారం చేర్చే నియమమే ఉంటే ఏడుకూ రావాలి కదా. రాలేదు. అంటే ఆరుకు మొదటినుంచి హల్లు ఉంది, ఏడుకు లేదు. ఉప్పు కూడా ఇలాంటిదే: పర్జిలో ‘చుప్’, కొలామీలో ‘సుప్’, గోండిలో ఒక మాండలికంలో ‘సొవర్’, మరోచోట ‘హొవర్’, ఇంకోచోట ‘ఒవర్’. ఈతచెట్టు పర్జిలో ‘చింద్’, గోండిలో ‘సీంది’.

గోండి రూపాలను నిదానంగా చూడాలి. సొవర్, హొవర్, ఒవర్ మూడూ ఈనాడు బతికున్న మాటలే, ఒకే భాష మాట్లాడే మూడు ప్రాంతాలవి. తెలుగులో ఎప్పుడో చరిత్రకు ముందే ముగిసిన మార్పు గోండిలో ఇప్పటికీ జరుగుతోంది. చకారం సకారమై, సకారం హకారమై, హకారం ఊపిరిలో కలిసిపోయింది. ఈ దారి ఇటునుంచి అటే నడుస్తుంది. ఉట్టి అచ్చు ముందు హకారం మొలిచి, అది బలిసి చకారం కావడం ప్రపంచ భాషల్లో సహజమైన దారి కాదు. అందుకే మూలరూపానికి *చ- పెడతారు గానీ *స- గానీ *హ- గానీ పెట్టరు. కృష్ణమూర్తి 1998లో గోండి మాండలికాల్లో ఈ మార్పును మాట మాటకూ లెక్కగట్టి, ధ్వని మార్పు ఒక్క దెబ్బతో అన్ని మాటలకూ పట్టదని, ఒక మాట నుంచి ఇంకో మాటకు పాకుతూ చివరికి నియమంగా మారుతుందని చూపారు.

తెలుగులో ఈ మార్పు ఎంత పాతదో చెప్పడానికి శాసనాలు పనికొస్తాయి. తెలుగులో దొరికిన తొలి శాసనాలు ఆరో శతాబ్ది చివరి నాటి రేనాటి చోళులవి. కడప జిల్లా ఎర్రగుడిపాడు శాసనంలోనే ‘ఇచ్చిన’ అనే రూపం ఉంది. తమిళంలో సంగం సాహిత్యం నాటికే ‘ఈ’ స్థిరపడింది. రెండు వేల ఏళ్ల సాహిత్యమున్న తమిళం ఇక్కడ సాక్ష్యం చెప్పలేకపోయింది. నిన్నమొన్నటిదాకా లిపిలేని పర్జి చెప్పింది. పాత పుస్తకాలున్న భాషే పాత భాష అనే భ్రమ తెలుగు పాఠకుల్లో ఇంకా బలంగానే ఉంది. ఈ ఒక్క క్రియ చాలు దాన్ని తోసిపుచ్చడానికి.

జంట చకారం కథ

మొదటి హల్లు తేలింది. మరి ‘ఇచ్చు’ మధ్యలోని జంట చకారం ఎక్కడిది? ఇది ధాతువులో భాగం కాదు, పాత భూతకాల ప్రత్యయపు మిగులు. పాత కన్నడంలో ‘ఇచ్చాడు’ అనడానికి ‘ఇత్తన్’, కొండ భాషలో ‘సితన్’. ‘చచ్చాడు’కు కన్నడంలో ‘సత్తన్’, తమిళంలో ‘చెత్తాన్’, కొండలో ‘సాతన్’. తెలుగులో మాత్రం ఇచ్చె, చచ్చె. మిగతా భాషల్లో తకారం ఉన్న చోట తెలుగులో చకారం ఉంది, అదీ ఒక చోట కాదు, వరసగా. మూలభాషలో భూతకాలానికి తకార ప్రత్యయం ఉండేదని, ఈ క్రియల్లో అది తెలుగులో తాలవ్యమై చకారంగా మారిందని వివరిస్తారు. ఆ తర్వాత భూతకాల రూపమే అసలు ధాతువు అనిపించి, ఇచ్చు, చచ్చు, తెచ్చు, వచ్చు అని నిఘంటువుల్లోకి ఎక్కింది. అంటే తెలుగువాళ్లు నిఘంటువులో వెతికే మాట నిజానికి ఒక పాత భూతకాలం.

సితన్, ఇత్తన్‌లతో తెలుగు ‘ఇచ్చినాడు’ను నేరుగా పోల్చకూడదు. ఇచ్చినాడు అనేది ఇచ్చిన వాడు అనే రెండు మాటల కలయిక. అందులోని -డు తెలుగు కొత్తగా కట్టుకున్నది. గ్రాంథికంలోని ‘ఇచ్చెను’ రూపంలో పురుషుడో స్త్రీయో తెలిపే గుర్తే లేదు. కొండ భాషలోని -అన్ మాత్రం మూలభాష నుంచి వచ్చిన ప్రథమ పురుష ప్రత్యయం. పైకి ఒకేలా కనిపించే చివరలను చూసి తొందరపడితే పునర్నిర్మాణం పక్కదారి పడుతుంది.

‘వచ్చు’ది ఇంకా విచిత్రమైన గతి. వచ్చాడు, కానీ రాడు. వచ్చి, కానీ రాక. ఒకే క్రియకు రెండు వేర్వేరు ధాతువులు అతికించినట్టు ఉంటుంది. తమిళంలో ఈ క్రియ వా, వరు. మూలంలో *వర్- అనే రూపం ఉండేది. తెలుగు, దాని తోబుట్టువుల్లో మాట మధ్యలోని రకారం, లకారం, డకారం వంటి నాలుక కొన ధ్వనులు మాట మొదటికి జరిగాయి. తమిళం ‘వరై’ తెలుగులో ‘వ్రాయు’ అయింది, ‘ఇరండు’ ‘రెండు’ అయింది. అలాగే *వర- కాస్తా *వ్రా- అయి, వకారం పోయి ‘రా’ మిగిలింది. రమ్మనేటప్పుడు తెలుగువాళ్ల నోట వచ్చే ‘రా’, తమిళుల నోట వచ్చే ‘వా’ ఒకే మాట తాలూకు రెండు కొసలు. ఈ ధ్వనుల జరుగుబాటు తెలుగు తోబుట్టువులైన ఆ ఆరు భాషల్లో ఎంతెంతవరకు పాకిందో లెక్కించి, వాటికి వంశవృక్షం గీయవచ్చునని కృష్ణమూర్తి ఇద్దరు సహరచయితలతో కలిసి 1983లో ప్రతిపాదించారు. ఆరు భాషలకు జంటలు జంటలుగా చీలే చెట్లు 945 రకాలుగా గీయవచ్చు. మార్పు తగలకుండా మిగిలిన మాటలే వాటిలో సరైన దాన్ని పట్టిస్తాయని వారి వాదం.

లాటిన్ ‘దరే’తో సరిపోలిక

లాటిన్‌లో ఇవ్వడానికి క్రియ ‘దరే’. ‘ఇస్తాడు’ అంటే ‘దత్’, ‘ఇచ్చాడు’ అంటే ‘దెదిత్’. లాటిన్‌కు పక్కనే ఉండి అంతరించిపోయిన ఆస్కన్ భాషా శాసనాల్లో ‘దెదెద్’ దొరికింది. సంస్కృతంలో దదాతి, గ్రీకులో దిదోమి. ధాతువును రెట్టించి పలికే పద్ధతి ఈ భాషలన్నిటి మూలభాషదేనని వీటివల్ల తేలింది. చిక్కంతా అచ్చు దగ్గర వచ్చింది. లాటిన్‌లో ‘దరే’లో అచ్చు హ్రస్వం, ‘దానం’ అని అర్థమిచ్చే ‘దోనుమ్’లో దీర్ఘం. రంగు కూడా మారింది, అ కాస్తా ఓ అయింది. 1878 చివర్లో, 21 ఏళ్ల వయసులో ఫెర్డినాండ్ ద సొస్యూర్ ఒక సాహసం చేశాడు. ఏ భాషలోనూ మిగలని ఒక ధ్వని ఆ ధాతువు చివర ఉండేదని, అది పోతూ పోతూ అచ్చును సాగదీసి రంగు మార్చిందని అన్నాడు. చాలామంది నమ్మలేదు. 1927లో పోలండ్ పండితుడు యెఝి కురిలోవిచ్, అప్పటికి కొత్తగా చదవడం వచ్చిన హిట్టైట్ పలకల్లో, సొస్యూర్ ఊహించిన చోట్లలో కొన్నింట హకారం వంటి ధ్వని నిజంగానే ఉందని చూపాడు.

ద్రావిడంలోనూ సరిగ్గా ఇదే చిక్కు ఉంది. చచ్చుకు చావు, తెచ్చుకు తేవు, ఒకచోట హ్రస్వం, ఒకచోట దీర్ఘం. తమిళంలోనూ చా, చెత్తాన్. కృష్ణమూర్తి ఈ ధాతువుల చివర ఒక కంఠమూలీయ ధ్వని ఉండేదని, *చహ్-, *తహ్-, *వహ్- అని రాయాలని వాదించి, 1997లో ఆ వాదాన్ని విస్తరించారు. పాత తమిళంలోని ఆయ్తమ్ అనే అక్షరం ఆ ధ్వని జాడ అని ఆయన అభిప్రాయం. సొస్యూర్‌కు హిట్టైట్ దొరికినట్టు ఈ వాదానికి ఇంకా తిరుగులేని సాక్ష్యం దొరకలేదు. ఆయ్తమ్ ఉన్న మాటలు మరీ తక్కువ. అందుకని దీన్ని *చీ-లోని చకారమంత గట్టి నిర్ణయంగా తీసుకోలేం. ‘ఇచ్చు’కు మాత్రం ఈ ధ్వని అక్కర్లేదు, దానిలో హ్రస్వ దీర్ఘాల తేడాను చివరి యకారమే వివరిస్తుంది.

అర్థం తేల్చడం

రూపం తేలినంత మాత్రాన అర్థం తేలదు. తమిళ వ్యాకరణం తొల్కాప్పియం ఇవ్వమని అడిగే మాటలు మూడు చెప్పింది: తక్కువవాడు ‘ఈ’ అనాలి, సమానుడు ‘తా’ అనాలి, ఎక్కువవాడు ‘కొడు’ అనాలి. మలయాళంలో మరో తేడా ఉంది. నాకో నీకో ఇస్తే ‘తా’, మూడోవాడికి ఇస్తే ‘కొడు’. ఎమెనో 1945లో ‘వచ్చు’, ‘ఇచ్చు’ క్రియల మీద రాసిన సుదీర్ఘ వ్యాసంలో ఈ రెండో తేడాకు అనేక ద్రావిడ భాషల్లో సాక్ష్యాలు చూపి, మూలభాషలోనే ఇచ్చే దిశను బట్టి క్రియ మారేదని వాదించాడు. తెలుగులో ఆ తేడా పూర్తిగా పోయింది. ‘తా’కు తోబుట్టువైన మాట తెలుగులో తెచ్చు, తే అనే రూపాల్లో మిగిలింది, దాని అర్థం ఇవ్వడం కాదు, తీసుకురావడం. మాట్లాడేవాడి వైపు వచ్చేది కాబట్టి ‘తే’కు ఆ పాత దిశ మాత్రం చెక్కుచెదరలేదు.

తీరని చిక్కు

*చీ- ధాతువు విషయంలో ఒక్క ప్రశ్న మిగిలే ఉంది. ఇచ్చు, ఆరు, ఉప్పు, ఈత మాటల్లో చకారం పోయింది. మరి చచ్చులో ఎందుకు పోలేదు? తమిళంలో చా, కన్నడంలో సాయ్, తెలుగులో చావు, అన్నిట్లోనూ హల్లు నిక్షేపంగా ఉంది. ధ్వని సూత్రాలకు మినహాయింపు లేదని 1870లలో జర్మనీ పండితులు ప్రకటించారు, లాటిన్ క్రియల పునర్నిర్మాణమంతా ఆ నమ్మకం మీదే నిలబడింది. ద్రావిడంలో ఈ చకారం ఆ సూత్రానికి లొంగలేదు. 1947లో బరో ఈ లోపాన్ని ప్రత్యేక వ్యాసంలో చర్చించాడు, 1988లో ఎమెనో మళ్లీ చేపట్టాడు. మార్పు మాట మాటకూ పాకుతూ సగంలో ఆగిపోయిందని కృష్ణమూర్తి ఇచ్చిన వివరణే ఇప్పటికి అన్నిటికన్నా నమ్మదగ్గది, గోండిలో ఆ పాకడం కళ్లముందే కనిపిస్తోంది కాబట్టి. ఎందుకు సగంలో ఆగిందన్నదానికి మాత్రం అందరూ ఒప్పుకునే జవాబు లేదు.

ఈ పరిశోధనకు ముడిసరుకు ఇచ్చిన భాషలు చాలాకాలం బడి గుమ్మం తొక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన మాతృభాషాధారిత బహుభాషా విద్యా పథకంలో కొండ, కువి, కోయ, గోండి, కొలామీ భాషలకు చోటు దొరికింది. ఆ వాచకాలను తెలుగు లిపిలోనే అచ్చు వేశారు.